తలపై ముసుగు.. నోట ప్రార్థన

జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి సంఘంలో పాట పాడవచ్చా? భుజాల దాకా జుట్టు పెంచిన కుర్రాడు ఆరాధనలో గిటారు వాయించవచ్చా? ప్రార్థన మధ్యలో కొంగు తల మీద నుంచి జారిపోతే ఆ ప్రార్థనను దేవుడు ఆలకించడా? యువజన కూడికల్లో ప్రశ్నల పెట్టె తెరిస్తే ఇలాంటి చీటీలు కనిపిస్తూనే ఉంటాయి. పెద్దలు నవ్వి ఊరుకుంటే పిల్లలు జవాబు దొరకలేదని సరిపెట్టుకుంటారు. కోప్పడితే ప్రశ్నతో పాటు సంఘాన్నీ వదిలి వెళ్లిపోతారు. అందుచేత ఈ ప్రశ్నను వాక్యం ముందు పెట్టి నిదానంగా పరిశీలించడం మేలు.

జుట్టు గురించి, ముసుగు గురించి మాట వచ్చినప్పుడు అందరూ తెరిచే పుట ఒకటే. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం, 2 నుంచి 16 వరకు ఉన్న వచనాలు. మొత్తం పదిహేను. వీటిలో ఒకటి రెండు వచనాలు నోటికి వచ్చినవారు చాలామంది ఉన్నారు. పదిహేనింటినీ కలిపి చదివినవారు తక్కువ. కలిపి చదివితే పౌలు కేవలం స్త్రీల తలల గురించే మాట్లాడలేదని, జుట్టుకు ఎక్కడా కొలత పెట్టలేదని, అన్నిటికన్నా ముఖ్యంగా స్త్రీ నోటిని మూయించలేదని తెలుస్తుంది.

కొరింథు ఎలాంటి ఊరు?

ఉత్తరం అర్థం కావాలంటే అది చేరిన ఊరు తెలియాలి. పాత కొరింథు గ్రీకుల నగరం. దాన్ని క్రీస్తుపూర్వం 146లో రోమా సైన్యం నేలమట్టం చేసింది. దాదాపు వందేళ్ల తర్వాత, క్రీస్తుపూర్వం 44లో, జూలియస్ సీజర్ దాన్ని రోమా వలసనగరంగా తిరిగి నిలబెట్టాడు. కాబట్టి పౌలు అడుగుపెట్టిన కొరింథులో మాట్లాడే భాష ఎక్కువగా గ్రీకు అయినా మర్యాదలు, పదవులు, మతాచారాలు రోమా పద్ధతిలో నడిచేవి. గల్లియోను అధిపతిగా ఉన్న రోజుల్లో పౌలు అక్కడ ఏడాదిన్నర ఉన్నాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతోంది. డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి ఆ కాలం క్రీస్తుశకం 51-52 ప్రాంతమని పండితులు లెక్క కట్టారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఎఫెసు నుంచి ఈ ఉత్తరం రాశాడు.

మన ప్రసంగాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. కొరింథులో అఫ్రొదితె గుడికి చెందిన వెయ్యిమంది వేశ్యలు ఉండేవారని, వారు తల గొరిగించుకుని తిరిగేవారని, అలా కనిపించకూడదనే పౌలు విశ్వాసులైన స్త్రీలను ముసుగు వేసుకోమన్నాడని. వెయ్యిమంది అన్న మాట స్ట్రాబో అనే గ్రీకు రచయిత రాసినది. ఆయన చెప్పింది రోమా సైన్యం కూల్చకముందున్న పాత నగరం సంగతి. గుండుతో తిరిగే వేశ్యల ప్రస్తావన అక్కడ లేదు. వినడానికి కథ బాగుంటుంది గాని దాని మీద సిద్ధాంతం కట్టకూడదు.

రూఢిగా తెలిసిన సంగతి వేరు. రోమా లోకంలో గౌరవప్రదమైన గృహిణి బయటికి వస్తే పైవస్త్రాన్ని తల మీదికి లాక్కునేది. అది ఆమె వివాహితురాలని చెప్పే గుర్తు. మన దగ్గర మెడలో తాళి, కాలికి మెట్టెలు చెప్పే మాటనే అక్కడ ఆ వస్త్రం చెప్పేది. ఆరాధన జరిగేది ఇళ్లలోనే అయినా బయటివారు లోపలికి వచ్చి చూసే వీలుందని పౌలే 14వ అధ్యాయంలో అంటాడు. ఆ కొత్తవారు సంఘాన్ని చూసి ఏమనుకుంటారన్న చింత ఈ ఉత్తరమంతటా ఉంది.

మొదట చెప్పింది పురుషులకే

ఈ భాగం చదివేటప్పుడు మనం సాధారణంగా 4వ వచనాన్ని దాటుకుని 5వ వచనానికి పరుగెడతాం. 4వ వచనం పురుషులది. ప్రార్థించేటప్పుడో ప్రవచించేటప్పుడో తల కప్పుకునే పురుషుడు తన తలను అవమానపరుస్తున్నాడని పౌలు అంటాడు. పురుషులకు ఈ హెచ్చరిక ఎందుకు?

రోమా పెద్దమనుషులు తమ దేవతలకు బలి అర్పించేటప్పుడు టోగా అంచును తల మీదికి లాక్కునేవారు. కొరింథు తవ్వకాల్లో అగస్టస్ చక్రవర్తి విగ్రహం అదే భంగిమలో దొరికింది. తల మీద వస్త్రం కప్పుకుని బలి ఇచ్చే పూజారిలా ఆయనను చెక్కారు. అలా తల కప్పుకుని ముందు నిలబడటం భక్తితో పాటు హోదాకు కూడా గుర్తు. విశ్వాసంలోకి వచ్చిన ఒక ధనవంతుడు ప్రభువు సన్నిధిలో కూడా అదే భంగిమలో నిలబడితే చూసేవారికి ఏం తోస్తుంది? విగ్రహాల గుడి గుర్తుకొస్తుంది, ఆయన హోదా గుర్తుకొస్తుంది, క్రీస్తు మాత్రం గుర్తుకు రాడు. పౌలు మనసులో ఉన్నది ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇది అన్ని కాలాలకూ అన్ని దేశాలకూ వర్తించే వస్త్ర నియమమే అయితే ఒక చిక్కు వస్తుంది. నిర్గమకాండం 28వ అధ్యాయంలో ప్రధాన యాజకుడైన అహరోనుకు పాగా కుట్టించమని ఆజ్ఞాపించింది దేవుడే. అహరోను తల కప్పుకునే దేవుని సన్నిధికి వెళ్లాడు. అక్కడ ఆజ్ఞగా ఉన్నది ఇక్కడ అవమానమైంది. మారింది దేవుడు కాదు, తల మీది వస్త్రం చెప్పే అర్థం.

నోరు తెరిచిన స్త్రీలు

ఇప్పుడు 5వ వచనం. ప్రార్థించే, ప్రవచించే స్త్రీ తల కప్పుకోకపోతే తన తలను అవమానపరుస్తుందని అందులో ఉంది. మన చూపు వెంటనే 'కప్పుకోకపోతే' అన్న మాట మీద ఆగిపోతుంది. దానికి ముందున్న రెండు మాటలు చూడండి. స్త్రీ ప్రార్థిస్తోంది. స్త్రీ ప్రవచిస్తోంది. అదీ కూడివచ్చిన సంఘంలో. పౌలు దాన్ని అడ్డుకోలేదు, ఆశ్చర్యపోలేదు, ప్రత్యేకంగా అనుమతీ ఇవ్వలేదు. అది అక్కడ జరుగుతున్న మామూలు సంగతి. ఆయన చెప్పేది ఆ పరిచర్య ఎలా జరగాలన్నదే.

ఇందులో వింతేమీ లేదు. పెంతెకొస్తు దినాన పేతురు యోవేలు ప్రవచనాన్ని ఎత్తి చెప్పినప్పుడు కుమారులతో పాటు కుమార్తెలు కూడా ప్రవచిస్తారన్నాడు. కైసరయలో సువార్తికుడైన ఫిలిప్పు నలుగురు కుమార్తెలూ ప్రవచించేవారు. కొరింథులోనే పౌలుతో కలిసి డేరాలు కుట్టిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు తర్వాత ఎఫెసులో అపొల్లో వంటి వాక్చాతుర్యం గలవాడిని పక్కకు పిలిచి దేవుని మార్గాన్ని మరింత వివరంగా బోధించారు. కొరింథుకు రేవుగా ఉన్న కెంక్రేయ సంఘంలో ఫీబే పరిచారకురాలు. రోమా సంఘానికి ఆమెను పౌలే పరిచయం చేశాడు.

మరి అదే పత్రిక 14వ అధ్యాయంలో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని ఉంది కదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ అధ్యాయంలో మౌనంగా ఉండమన్నది ఒక్క స్త్రీలనే కాదు. భాషలలో మాట్లాడేవాడికి అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండాలి (28). ఒకరు ప్రవచిస్తుండగా పక్కన కూర్చున్న మరొకరికి దేవుడు ఏదైనా బయలుపరిస్తే మొదటివాడు మౌనంగా ఉండాలి (30). ఆ తర్వాతే స్త్రీల మాట (34). గ్రీకులో మూడు చోట్లా ఒకటే క్రియ. మొదటి ఇద్దరి నోళ్లను పౌలు జన్మంతా మూయించాడని ఎవరూ అనరు. సమయం చూసుకోమన్నాడని అంటారు. అక్కడ అలా చదివినవారు ఇక్కడ కూడా అలాగే చదవాలి. స్త్రీ ప్రార్థించడాన్నీ ప్రవచించడాన్నీ 11వ అధ్యాయంలో ఒప్పుకున్న పౌలు మూడు అధ్యాయాల తర్వాత ఆ మాట మరిచిపోడు.

కొన్ని సంఘాల్లో ముసుగు విషయంలో 5వ వచనం అక్షరాలా అమలవుతుంది, ప్రార్థన విషయంలో మాత్రం అమలు కాదు. తల కప్పుకున్న స్త్రీలు వరుసల్లో కూర్చుంటారు, ఒక్కరికీ నోరు తెరిచి ప్రార్థించే అవకాశం రాదు. పౌలు చెప్పిన వస్త్రాన్ని ఉంచుకుని, ఆ వస్త్రంతో చేయమన్న పనిని తీసేశాం.

ముసుగా, జుట్టా?

పౌలు వస్త్రం గురించి మాట్లాడాడా, జుట్టు గురించి మాట్లాడాడా అన్నది కూడా చర్చలోనే ఉంది. రెండో పత్రిక 3వ అధ్యాయంలో మోషే ముఖం మీది ముసుగుకు వాడిన గ్రీకు నామవాచకం ఈ పదిహేను వచనాల్లో ఎక్కడా లేదు. 'కప్పుకోవడం' అనే క్రియ ఉంది. 15వ వచనంలో పైవస్త్రం అనే అర్థమిచ్చే మరో మాట వచ్చి, స్త్రీకి జుట్టు దాని స్థానంలో ఇవ్వబడిందని చెబుతుంది. అందుకే కొందరు ఇది వస్త్రం మాట అంటారు. కొందరు విరబోసుకున్న జుట్టును ముడివేసుకోమన్న మాట అంటారు. మరికొందరు స్త్రీ జుట్టు అసలు కత్తిరించకూడదన్న ఆజ్ఞ అంటారు. ముగ్గురూ బైబిలును ప్రేమించేవారే. పదిహేను వచనాల మీద దైవభక్తులు ఇన్ని రకాలుగా ఆలోచిస్తున్నప్పుడు మన వ్యాఖ్యానంతో ఏకీభవించనివారి రక్షణను శంకించడం తగదు.

కత్తిరించుకోవడం, గొరిగించుకోవడం అవమానమైతే కప్పుకోవాలని 6వ వచనం అంటుంది. 'అయితే' అన్న ఆ షరతును గమనించాలి. ఎన్ని అంగుళాలు ఉండాలో ఎక్కడా లేదు. టేపు తెచ్చింది మనమే.

14వ వచనంలో పురుషుడు తల వెంట్రుకలు పెంచుకోవడం అవమానమని ప్రకృతే నేర్పుతోంది కదా అంటాడు పౌలు. ప్రకృతి అంటే ఇక్కడ ఏమిటి? కత్తెర పెట్టకపోతే మగవాడి జుట్టు కూడా పెరుగుతుంది. సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో నాజీరు వ్రతం పట్టినవాడు మంగలికత్తి తాకనివ్వకూడదని నియమం ఇచ్చింది దేవుడే. సమ్సోను తల్లిగర్భం నుంచే నాజీరు. సమూయేలు తల మీదికి మంగలికత్తి రానివ్వనని హన్నా మొక్కుకుంది. వారి జుట్టు వారికి అవమానం కాలేదు, ప్రతిష్ఠకు గుర్తయింది. మరోవైపు అబ్షాలోము జుట్టు కూడా పొడవే. ఏటా కత్తిరిస్తే రెండువందల తులాలు తూగేది. అది గర్వానికి గుర్తుగా మిగిలింది. పొడవు ఒకటే, అర్థాలు వేరు.

పౌలు సంగతే చూడండి. కొరింథు విడిచి వెళ్లేటప్పుడు మొక్కుబడి ఉన్నందున కెంక్రేయ రేవులో ఆయన తల వెంట్రుకలు కత్తిరించుకున్నాడు (అపొ. కార్య 18:18). మొక్కు తీరేదాకా ఆయన జుట్టు పెరిగే ఉంటుంది, దాన్ని కొరింథు విశ్వాసులు చూసే ఉంటారు. పురుషుడి పొడవైన జుట్టు అన్నివేళలా పాపమని చెప్పడం ఆయన ఉద్దేశమైతే ఈ ఉత్తరం చదవగానే వారు మొదట అడిగేది దాని గురించే. కాబట్టి ఇక్కడ ప్రకృతి అంటే ఆ సమాజంలో అందరికీ సహజంగా తోచే మర్యాద అని అర్థం చేసుకోవడం సబబు. పురుషుడు పురుషుడిగా, స్త్రీ స్త్రీగా దేవుడు చేసిన తీరును సిగ్గుపడకుండా గౌరవంగా కనబరచాలన్నది దాని లోపలి సత్యం. ఆ సత్యం మారదు. దాన్ని కనబరిచే క్రాఫు, జడ మారతాయి.

శిరస్సు అంటే పెత్తనమా?

ఈ భాగంలో బరువైన మాట 3వ వచనంలో ఉంది. స్త్రీకి శిరస్సు పురుషుడు, పురుషుడికి శిరస్సు క్రీస్తు, క్రీస్తుకు శిరస్సు దేవుడు. శిరస్సు అన్న మాటకు అధికారమని కొందరు, మూలమని కొందరు అర్థం చెబుతారు. ఏ అర్థం తీసుకున్నా పౌలు 3వ వచనంలో ఆగలేదు. స్త్రీ పురుషుని నుంచి కలిగిందని 8వ వచనంలో చెప్పి, 11, 12 వచనాల్లోకి వచ్చేసరికి 'అయినా' అంటూ మలుపు తిప్పాడు. ప్రభువులో స్త్రీ లేకుండా పురుషుడు లేడు, పురుషుడు లేకుండా స్త్రీ లేదు. మొదటి స్త్రీ పురుషుని నుంచి వచ్చింది, ఆ తర్వాత ప్రతి పురుషుడూ స్త్రీ నుంచే వచ్చాడు, అందరూ దేవుని నుంచి వచ్చారు. 8వ వచనాన్ని చదివి వినిపించే భర్త 12వ వచనం కూడా చదవాలి.

10వ వచనం సంగతి మరీ ఆసక్తికరం. మన తెలుగు బైబిలులో స్త్రీ తల మీద 'అధికార సూచన' ఉండాలని ఉంది. 'సూచన' అన్న మాట గ్రీకు మూలంలో లేదు, అర్థం కోసం అనువాదకులు చేర్చినది. మూలంలో ఉన్నది తల మీద అధికారం కలిగి ఉండటం. అది భర్త అధికారానికి గుర్తని కొందరు, ప్రార్థించడానికీ ప్రవచించడానికీ ఆమెకున్న అధికారమని కొందరు చెబుతారు. 5వ వచనంతో కలిపి చదివితే రెండో అర్థానికి బలం ఎక్కువ.

నాలుగో శతాబ్దపు చివర్లో అంతియొకయలో బంగారు నోటి యోహానుగా పేరుపొందిన క్రిసొస్తొము ఈ భాగం మీదే ప్రసంగించాడు. స్త్రీ లోబడాలని నమ్మిన మనిషే ఆయన. అయినా అదే ప్రసంగంలో భర్తల వైపు తిరిగి, దాసిని కొట్టడమే మగవాడికి సిగ్గుచేటైతే కట్టుకున్న భార్య మీద చేయెత్తడం ఎంత నీచమో ఆలోచించమని గద్దించాడు. పదహారు వందల ఏళ్లు దాటినా ఆ మాట మన ఇళ్లకు అవసరమే. ఆదివారం శిరస్సు గురించి ఆమెన్ చెప్పి, సోమవారం భార్య జుట్టు పట్టుకుని ఈడ్చే చేతికి ఈ అధ్యాయంలో ఆధారం దొరకదు. క్రీస్తు సంఘానికి శిరస్సు అయింది తన్ను తాను అప్పగించుకుని. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం భర్తకు చూపించిన మాదిరి అదొక్కటే.

మన నేల మీద జుట్టు చెప్పే మాటలు

తల మీది గుర్తు చోటును బట్టి అర్థం మార్చుకుంటుందని మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కొరింథులో స్త్రీకి గుండు అవమానం. తిరుమలలో తలనీలాలు ఇచ్చిన ఇల్లాలికి అది మొక్కు తీరిన తృప్తి. ఒకప్పుడు అగ్రకులాల ఇళ్లలో భర్త పోయిన పసిపిల్లకు అదే గుండు జీవితాంతం మోయవలసిన శిక్ష. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది అలాంటి పిల్లల కోసమే. పండిత రమాబాయి 1887లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథంలో వితంతువుల శిరోముండనాన్ని గురించి లోకానికి తెలియజేసి, 1889లో బొంబాయిలో శారదాసదన్ తెరిచారు. తల బోడిగా ఉన్నందుకు ఆ పిల్లల్ని లోపలికి రానివ్వకపోతే అది క్రైస్తవ గృహం అయ్యేది కాదు.

కప్పుకోవడానికి కూడా మన దేశంలో ఒక చరిత్ర ఉంది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం వేసుకోకూడదని కట్టుబాటు ఉండేది. సువార్త విని క్రైస్తవులైన స్త్రీలు రవికె తొడిగి, పైట వేసుకుని బయటికి వస్తే బట్టలు చింపి కొట్టారు. దశాబ్దాల పోరాటం తర్వాత 1859లో రాజప్రకటన ద్వారా ఒళ్లు కప్పుకునే అనుమతి వచ్చింది. ఆ తల్లులకు వస్త్రం అణచివేతకు గుర్తు కాదు, దేవుని పిల్లలుగా తమకు దక్కిన గౌరవం. దాసీలు, గొప్ప ఇళ్ల స్త్రీలు కలిసి కూర్చున్న కొరింథు సంఘంలో అందరి తలల మీదా ఒకే వస్త్రం ఉందంటే ఆ దాసీకి ఎలా అనిపించి ఉంటుందో ఈ సంగతి తెలిసినవారు ఊహించగలరు.

పురుషుల జుట్టు కూడా మన సంఘాల్లో గొడవ రేపింది. 1860లలో తమిళ ప్రాంతంలో కొందరు మిషనరీలు క్రైస్తవులైన పురుషులు పిలక కత్తిరించుకోవాలని పట్టుబట్టారు. అది అన్యమతానికి గుర్తని వారి వాదన. తిరునల్వేలిలో పనిచేసిన రాబర్ట్ కాల్డ్వెల్ దీనికి ఒప్పుకోలేదు. పిలక ఈ దేశస్థుల జుట్టు ముడిచే తీరు మాత్రమేనని, దానికి మతం అంటగట్టవద్దని వ్యాసం రాశాడు. దేశపు ఆచారానికీ విగ్రహారాధనకూ తేడా తెలుసుకుని నడవాలన్న ఆ జాగ్రత్త నేటికీ పనికొస్తుంది.

సంఘ చరిత్రలో కత్తెర

పాశ్చాత్య సంఘాలు కూడా ఈ విషయంలో అటూ ఇటూ ఊగాయి. 1649లో అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీ గవర్నరు ఎండికాట్, ఆయన తోటి అధికారులు మగవారి పొడవు జుట్టును ఖండిస్తూ ప్రకటన చేశారు. 1941లో జాన్ ఆర్. రైస్ అనే బాప్టిస్టు బోధకుడు అదే దేశంలో ఆడవారి పొట్టి జుట్టును, మొగుళ్ల మీద పెత్తనం చేసే భార్యలను, స్త్రీ బోధకులను ఒకే పుస్తకంలో కలిపి ఖండించాడు. ఒక తరం భయం మగవారి జుట్టు మీద, మరో తరం భయం ఆడవారి జుట్టు మీద. ఆ అమెరికాలోనే 1940లో వార్నర్ సాల్మన్ గీసిన పొడవు జుట్టు క్రీస్తు చిత్రం లోకమంతా పాకి మన ఇళ్ల గోడల మీదికీ చేరింది. సిరియాలోని దురా యూరొపస్‌లో దొరికిన మూడో శతాబ్దపు ఆరాధన మందిరంలో మాత్రం క్రీస్తును గడ్డం లేకుండా, పొట్టి జుట్టుతో చిత్రించారు. ప్రభువు జుట్టు ఎంత పొడవో సువార్తలు రాసిన నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు.

సంస్కరణ నాయకుడు జాన్ కాల్విన్ ఈ విషయంలో చెప్పిన ఉదాహరణ ప్రతి సంఘపెద్దా తెలుసుకోదగినది. ఆరాధనలో మర్యాద, క్రమం ఉండాలని ఆయన గట్టిగా నమ్మాడు. అయినా తన ప్రసిద్ధ సిద్ధాంత గ్రంథంలో, స్త్రీ తల మీది గుడ్డలోనే భక్తి అంతా ఉందా అని అడిగాడు. పొరుగువారికి ఆపద వచ్చిందని తల కప్పుకునే తీరిక లేకుండా పరుగెత్తిన స్త్రీ పాపం చేయలేదని రాశాడు. క్రమం ప్రేమ కోసం ఉంది, ప్రేమకు అడ్డం పడటానికి కాదు.

మరి నేడు ఏం చేయాలి?

మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల స్త్రీలు ప్రార్థనలో కొంగు తల మీద వేసుకుంటారు. గోదావరి జిల్లాల బ్రదరెన్ సహవాసాలు, భక్తసింగ్ గారి పరిచర్యలో ఏర్పడిన సంఘాలు దీన్ని దేవదూతల ఎదుట చూపే విధేయతగా పాటిస్తాయి. పౌలు సృష్టిక్రమాన్ని ఎత్తి చూపాడు కాబట్టి ఇది కొరింథుకే పరిమితం కాదని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని వెక్కిరించకూడదు. మనసారా వేసుకున్న కొంగు అందమైన సాక్ష్యం. అలాగే కొంగు వేసుకోని సోదరిని భక్తి లేనిదని అనకూడదు. దేవుని సన్నిధిలో ఎవరికి వారు మనస్సాక్షితో నిలబడతారు. తగినదేదో మీలో మీరే ఆలోచించుకోండని పౌలు కూడా ఆ అధ్యాయంలో వారి వివేకానికే వదిలాడు (13).

అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే న్యాయం ఉండాలి. ఆడపిల్ల జడను కొలిచే పెద్దలు 14వ వచనాన్ని మగపిల్లల కోసం, 4వ వచనాన్ని తమ కోసం కూడా చదువుకోవాలి. తల మీద హోదా కప్పుకుని ముందు వరుసలో కూర్చునేవారు కొరింథుతోనే అంతరించలేదు. యువతీయువకులు కూడా తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. నా జుట్టు, నా వేషం పక్కవాడిని ప్రభువు వైపు తిప్పుతోందా, నా వైపు తిప్పుతోందా? ఫ్యాషనంతా పాపం కాదు. ఆరాధనలో అందరి కళ్లూ తన మీదే ఉండాలనుకోవడం మాత్రం పాపమే.

ఇక ఒక మాట కన్నీటితో చెప్పుకోవాల్సినది. క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న సోదరీమణులు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. మందుల ధాటికి కనుబొమలతో సహా జుట్టంతా రాలిపోతుంది. జుట్టే స్త్రీకి ఘనతని పుట్టినప్పటి నుంచి సంఘంలో విన్న ఆమె ఆ తలతో మందిరం మెట్లు ఎలా ఎక్కుతుంది? మొన్ననే తలనీలాలు ఇచ్చి వచ్చి, ఈ వారం పొరుగింటామె పిలిస్తే మొదటిసారి ఆరాధనకు వచ్చిన స్త్రీ ఉంటుంది. ఆమెను చూసి గుసగుసలాడితే ఆమె మళ్లీ వస్తుందా? స్త్రీకి ఘనతగా దేవుడిచ్చిన దాన్ని స్త్రీని కించపరచడానికి వాడితే 15వ వచనాన్ని తలకిందులు చేసినట్టే.

పరిసయ్యుడైన సీమోను ఇంట్లో ఒక స్త్రీ అందరి ముందూ ప్రభువు పాదాలను కన్నీటితో తడిపి తన తలవెంట్రుకలతో తుడిచింది. పదిమంది మగవారి మధ్య అలా చేయడం ఆ రోజుల్లో సిగ్గుమాలిన పని. సీమోను ఆమె జుట్టును, ఆమె గతాన్ని చూశాడు. ప్రభువు ఆమె ప్రేమను చూశాడు. ఈ స్త్రీని చూస్తున్నావా అని ఆయన సీమోనును అడిగిన ప్రశ్న మన సంఘాలను కూడా అడుగుతూనే ఉంది.

19వ శతాబ్దంలో తెలుగు నేల మీద గ్రామగ్రామానికీ, ఇంటింటికీ నడిచి వాక్యం చదివి వినిపించిన బైబిలు స్త్రీలు మన సంఘాలకు పునాది వేసినవారిలో ఉన్నారు. నెత్తిన కొంగు, చేతిలో బైబిలు, నోట సువార్త, ఈ మూడింటితోనే వారు వెళ్లారు. ఆ దారిలోనే 2013లో దక్షిణ ఇండియా సంఘం నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలితను తన తొలి మహిళా బిషప్‌గా అభిషేకించింది. దీనితో ఏకీభవించని సంఘాలు కూడా కొరింథు 5వ వచనం వరకైనా రావాలి. వచ్చే ఆదివారం ఆరాధనలో ఒక సోదరిని ప్రార్థన చేయమని అడగండి. తల మీద కొంగు వేసుకున్న ఆమెను, వేసుకోని ఆమెను, జుట్టు రాలిపోయి స్కార్ఫు కట్టుకుని వెనుక బెంచీలో కూర్చున్న ఆమెను. ఆమె ప్రార్థించేటప్పుడు కళ్లు మూసుకుని ఆమెన్ చెబుదాం.